ఆ పక్షిని మా బావ కూడా చూశాడు

గుండ్లకమ్మ గురించి మా ఊళ్ళో ఎవరిని కదిపినా గంటసేపు చెబుతారు. వరదలో నీళ్ళు ఎక్కడిదాకా వచ్చిందీ, ఎవరి గేదె కొట్టుకుపోయి ఎక్కడ ఒడ్డెక్కిందీ, ఎవరి ఆయిల్ ఇంజను ఇసుకలో కూరుకుపోయిందీ, అన్నిటికీ అడిగేవాళ్ళున్నారు, వినేవాళ్ళున్నారు. ఆ ఏట్లో నేను చూసినదాని గురించి మాత్రం ఇన్నేళ్ళలో నన్ను కూర్చోబెట్టి అడిగిన మనిషి లేడు. అడగకపోతే పోయె, నేనే చెప్పబోతే టీ కొట్టు బెంచీ ఖాళీ అయ్యేది. ఎవరెవరు లేచి వెళ్ళారో నాకు ఇప్పటికీ గుర్తే.

ఆమధ్య పేపరు జిల్లా పేజీలో ఒక ఫొటో వేశారు. నల్లటి వీపు, తెల్లటి పొట్ట, ఎర్ర ముక్కు, పొడుగాటి ఎర్ర కాళ్ళు. ఎక్కడో చలిదేశాల్లో గుడ్లు పెట్టి, చలికాలం మన వైపు వచ్చే నల్ల కొంగట. గుంటూరు నుంచి కెమెరాలు వేసుకొచ్చిన కుర్రాళ్ళు తీశారట. ఫొటో కింద 'గుండ్లకమ్మలో తొలిసారిగా' అని రాశారు. తొలిసారిగా! ఆ మాట చదివాక ఆ పూట నాకు అన్నం సయించలేదు. ఆ కుర్రాళ్ళు నిక్కర్లు వేసుకుని బడికి పోయే రోజుల్లోనే నేను దాన్ని చూశాను. నేనొక్కణ్ణే కాదు, మా బావ కూడా చూశాడు. అసలు తగువంతా అక్కడే ఉంది.

బావంటే మా అక్క భర్త. మా రెండు ఇళ్ళకీ మధ్య ఒక గోడే అడ్డం. పొలాలు కూడా పక్కపక్కనే, ఏటి ఒడ్డున. ఇద్దరం మిరప, పత్తి వేసేవాళ్ళం. ఏటి మడుగులో ఇంజను పెట్టి, వంతులవారీగా నీళ్ళు తోడుకునేవాళ్ళం. మా బావ మంచివాడే. కాకపోతే బామ్మర్దిని నలుగురిలో నవ్వులపాలు చేయడం తన హక్కు అనుకునే రకం. నా పెళ్ళిలో, విడిదింటి ముందు, అందరూ చూస్తుండగా నా కొత్త చెప్పులు వేపచెట్టెక్కించాడు. అది నేను మరిచిపోయాననుకుంటున్నాడు.

తొంభైల చివర్లో ఒక ఏడు. పుష్యమాసం, మిరప మొదటి కోత కల్లాల్లో ఆరుతోంది. మేం ఆ పక్షిని చూసిన రోజే మా బావ అభిమాన హీరో సినిమా విడుదల, ఒంగోల్లో. అక్కకి సినిమా పిచ్చి గిట్టదు. అందుకని ముందురోజు రాత్రే బావ అన్నం తింటూ, "రేపు నేనూ వీడూ గుంటూరు పోయి మిరప యార్డులో రేటెట్లా ఉందో చూసొస్తాం" అన్నాడు. నన్ను ముందుగా ఒక్క మాట అడగలేదు. అయినా నేను తలూపాను. అక్క తెల్లారకముందే లేచి పెరుగన్నం కలిపి, మాగాయ పెచ్చులు పెట్టి, డబ్బా కట్టిచ్చింది.

మా ఊరినుంచి గుంటూరు పోవాలంటే ఉత్తరానికి పోవాలి. ఒంగోలు పోవాలంటే దక్షిణాన ఏరు దాటాలి. అక్క గుమ్మంలో నిలబడి చూస్తుంటుందని బావ స్కూటర్ని ఉత్తరం వైపే తోలాడు. చెరకు తోట దాటాక పక్కకి తిప్పి, పత్తి చేల గట్ల మీదుగా ఊరంతా చుట్టి, మళ్ళీ దక్షిణాన తేలాడు. మంచు ఎంత ఉందంటే, స్కూటరు లైటు ముందు చక్రం వరకే పడుతోంది.

ఏటి చప్టా మీదికి వచ్చేసరికి మంచు కొంచెం పలచబడింది. ఎడమ పక్క మడుగులో, మోకాలి లోతు నీళ్ళలో, ఎవరో నల్ల గొడుగు ముడిచి నిలువుగా గుచ్చినట్టు కనిపించింది.

"ఆగు బావా. నీళ్ళలో ఎవరో గొడుగు పాతారు."

"పాతితే పాతార్లేరా. ఇక్కడ ఆగితే బాల్కనీ టిక్కెట్లు మీ తాత తీస్తాడా?"

అంతలో ఆ గొడుగు ఒక అడుగు వేసింది.

బావ బ్రేకు తొక్కాడు. ఇంజను ఆపేశాడు. ఇద్దరం స్కూటర్ని చప్టా మీదే వదిలేసి, వంగి వంగి ఇసుకలోకి దిగాం. ఒక తుమ్మ పొద చాటుకు చేరి బోర్లా పడుకున్నాం. సినిమా కోసం బావ తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించి వేసుకున్నాడు. ఆ చొక్కాతోనే తడి ఇసుకలో పడుకున్నాడు. ఇది కూడా సాక్ష్యమే.

పొద్దు పొడిచింది. మొదటి ఎండ దాని వీపు మీద పడేసరికి, అప్పటిదాకా నల్లగా ఉన్నది నలుపు కాకుండా పోయింది. ఇంజను దగ్గర మడుగు మీద డీజిలు తెట్టు కడితే ఒకసారి ఆకుపచ్చగా, ఒకసారి ఊదాగా మెరుస్తుంది చూడండి, అచ్చం అలాంటి మెరుపు. మెడ తిప్పితే ఒక రంగు, రెక్క సర్దుకుంటే ఇంకో రంగు. ముక్కు పండు మిరపకాయ ఎరుపు. నీళ్ళలోంచి ఒక కాలు పైకి తీస్తే అదీ ఎరుపే, గోటి దగ్గర్నుంచి పైదాకా. కాలు మీంచి నీటి చుక్కలు జారి పడుతున్నాయి.

బావ నా చెవిలో గుసగుసగా అన్నాడు: "ఒరేయ్, పెళ్ళికూతురికి పారాణి పెట్టినట్టుందిరా కాళ్ళకి."

ఆ మాట మా బావదే. నాది కాదు. నాకంత సొంపైన మాట తట్టదు. అందుకే చెబుతున్నాను, చూడనివాడి నోట ఆ మాట ఎలా వస్తుంది?

అది గబగబా నాలుగు అడుగులు పరిగెత్తి, ముక్కు నీళ్ళలో పొడిచి, ఒక చేపను పైకి తీసింది. ఒకసారి గాల్లోకి ఎగరేసి, తల ముందుకు వచ్చేలా పట్టుకుని మింగింది. ఆ చేప మెడలోంచి కిందికి జారడం మాకు కనిపిస్తూనే ఉంది. దాంతోపాటు బావ గుటక కూడా పడింది. నాకు నవ్వు ఆగలేదు. బావ నా నోరు అరచేత్తో మూసేశాడు, ఆ అరచేతి నిండా ఇసుక.

ఉదయం ఆట మొదలయ్యే వేళ దాటిపోయింది. ఇద్దరికీ తెలుసు. ఇద్దరం ఆ మాట ఎత్తలేదు. అక్కడే డబ్బా విప్పి, పడుకునే పెరుగన్నం తిన్నాం. మాగాయ పెచ్చు కొరికినప్పుడు చప్పుడవుతుందని బావ దాన్ని బుగ్గన పెట్టుకుని నానబెట్టుకున్నాడు. అంత సుఖమైన భోజనం నేను ఏ పెళ్ళిలోనూ తినలేదు. పెళ్ళిళ్ళలో నా ఆకు దగ్గరికి వచ్చేసరికి గారెలు అయిపోవడం మామూలే.

ఇంతలో చీమకుర్తి వైపు పోయే ఖాళీ లారీ ఒకటి చప్టా మీదికి వచ్చి, దారికడ్డంగా ఉన్న స్కూటర్ని చూసి హారన్ మోగించింది. పక్షి లేచింది. మామూలు కొంగ మెడ ముడుచుకుని ఎగురుతుంది. ఇది మెడ ముందుకి చాపి, కాళ్ళు వెనక్కి చాపి, తెల్లటి పొట్ట చూపిస్తూ మా నెత్తిమీదుగా ఒక చుట్టు తిరిగింది. దాని నీడ మా ఇద్దరి మీంచి పోయింది. బావ దిగ్గున లేచి నిలబడి, రెండు వేళ్ళు నోట్లో పెట్టి ఈల వేశాడు. తెర మీదికి తన హీరో వచ్చినప్పుడు వేసే ఈల అది. ఆ రోజు ఆ ఈల పక్షికి పడింది. తర్వాత మ్యాట్నీకి వెళ్ళాం గానీ, అక్కడ హీరో వచ్చినప్పుడు బావ ఈల వెయ్యలేదు.

మర్నాడు పొద్దున కల్లంలో ఆడవాళ్ళు కూర్చుని తాలు కాయలు ఏరుతున్నారు. తెల్లబడి రంగుపోయిన కాయల్ని వేరుచేసే పని. అక్క ఉంది, మా మేనకోడలు ఉంది. దానికప్పుడు రెండు జడల వయసు. బావ పట్టా అంచులు సర్దుతున్నాడు. నేను ఉండబట్టలేకపోయాను.

"అక్కా, నిన్న ఏట్లో ఒక పక్షిని చూశామే..." అని మొదలుపెట్టి మెరుపు, ముక్కు, కాళ్ళు అన్నీ చెప్పాను.

అక్క చేతిలో కాయ అలాగే ఉంది. "నిన్ననా? గుంటూరు పోతే మధ్యలో ఏరెక్కడ తగిలిందిరా?"

నేను బావ వైపు చూశాను. బావ ఒక మిరపకాయ తీసి, తొడిమ తుంచి, నింపాదిగా అన్నాడు: "వీడు మొన్నెప్పుడో ఒక్కడే పోయి ఏ కాకినో చూసుంటాడు. నేనేం చూళ్ళేదు."

నేనేం చూళ్ళేదు! పక్కన పడుకుని, నా నోరు మూసి, ఈల వేసిన మనిషి. నిజం చెబుదామంటే సినిమా సంగతి బయటపడుతుంది. బావ కాపురంలో నేను నిప్పు పెట్టలేను.

ఇక కల్లానికి పండగైంది. తాలు ఏరే పెద్దావిడ ఒకామె అంది: "కాళ్ళు ఎర్రగా ఉన్నాయంటే మన కల్లంలో కాయలు తొక్కి పోయుంటుందిలే అబ్బాయ్."

"ముక్కు కూడా ఎర్రనంటున్నాడుగా పిన్నీ," అని ఇంకొకామె. "తొక్కిందే కాకుండా కొరికింది కూడా. కారం తగిలి నీళ్ళలో దిగి నిలబడింది పాపం!"

"చక్కెర తీసుకుపోయి పెట్టాల్సింది మావయ్యా," అంది మా మేనకోడలు.

అందరికంటే గట్టిగా నవ్వింది మా బావ. ఆ రోజునుంచి నా పేరు కారంపిట్ట. టీ కొట్టులో కారంపిట్ట, పురుగుమందుల కొట్టు దగ్గర కారంపిట్ట. రుజువు చేద్దామని ఒక ఆదివారం నలుగురిని వెంటబెట్టుకుని మడుగు దగ్గరికి తీసుకుపోయాను. ఆ రోజు అక్కడ ఉన్నది, ఏడాది పొడుగునా మన చేలల్లో తిరిగే తెల్లమెడ కొంగ. "దీనికి కాళ్ళు కడిగారేమో, రంగు పోయింది" అన్నాడొకడు. టౌనులో కాలేజీకి పోయి, జంతుశాస్త్రం చెప్పే లెక్చరర్ని కలిశాను. ఆయన పేపర్లు దిద్దుతూ తలెత్తకుండా, "అది మన వైపు రాదండీ" అన్నారు. పక్కన కుర్చీ ఉంది. దానిమీద ఆయన తువ్వాలు ఉంది. తువ్వాలు తీయలేదు, నన్ను కూర్చోమనలేదు.

ఇన్ని అవమానాలు చెబుతున్నానని ఆ చలికాలం నేను ఏడుస్తూ గడిపాననుకోకండి. నా జీవితంలో అంత సంతోషంగా ఏ చలికాలమూ గడవలేదు. తెల్లారకముందే సైకిలేసుకుని ఏటికి పోయేవాణ్ణి. కొన్నాళ్ళు కనిపించేది కాదు, కొన్నాళ్ళు నాకంటే ముందే వచ్చి నిలబడి ఉండేది. మంచులో మడుగు మీంచి ఆవిరి లేస్తుంటే, అవతలి ఒడ్డున పత్తి చేలు తెల్లగా విచ్చుకుని ఉంటే, మధ్యలో అది ఒక్కటీ నల్లగా, ఎర్రగా. ఎవరి పిలుపూ లేకుండా అంత దూరం నుంచి మా మడుగు వెతుక్కుని వచ్చింది గదా అనుకుంటే ఒళ్ళు పులకరించేది. ఇంటికి వచ్చి ఎవరితోనూ చెప్పేవాణ్ణి కాదు. చెప్పను, మీకెందుకు చెబుతాను అని మనసులో అనుకుని హాయిగా కాఫీ తాగేవాణ్ణి.

ఒకరోజు అలా పోయేసరికి తుమ్మ పొద పక్కన స్కూటరు ఉంది. మా బావ బనీనుతో ఇసుకలో బోర్లా పడుకుని, గడ్డం కింద రెండు చేతులు పెట్టుకుని, రెప్ప వేయకుండా చూస్తున్నాడు. ఎదురుగా అది నీళ్ళలో నడుస్తోంది. పక్షిని చూస్తూ బావ, ఇద్దర్నీ చూస్తూ నేను. చాలాసేపు కదల్లేదు. బావ మొహం అలా ఉండడం మా అక్క పెళ్ళినాడు కూడా చూడలేదు. ఇక ఆగలేక, "బావా!" అన్నాను.

బావ ఉలిక్కిపడి లేచాడు. ఇసుక దులుపుకున్నాడు. "ఏరా బామ్మర్దీ, ఇంత పొద్దున్నే? నేను ఇంజను ఫుట్‌వాల్వు పట్టేసిందేమోనని వచ్చాను."

"ఇంజను అటు పక్కనుంది. మరి ఎదురుగా ఉన్నదేంటి?"

"ఏది?" అని కళ్ళు చికిలించి చూశాడు. "ఓ, అదా? ఏదో కొంగ."

"కాళ్ళు ఏ రంగు?"

"పొద్దు కళ్ళలో పడుతోందిరా, సరిగా ఆనడంలా." స్కూటరు తన్ని వెళ్ళిపోయాడు. పొద్దు మా వెనక ఉంది.

శివరాత్రి దాటాక అది వెళ్ళిపోయింది. ఆ తర్వాత చాలా ఏళ్ళు రాలేదు, లేదా వచ్చినా నాకు కనిపించలేదు. పత్తి దెబ్బతిన్న ఏళ్ళు, మిరపకి మంచి ధర పలికిన ఏళ్ళు గడిచాయి. కారంపిట్ట అనే పేరు మాత్రం గడవలేదు. అప్పుడు వచ్చింది, నేను మొదట చెప్పిన పేపర్లో ఫొటో.

పేపరు మడిచి పట్టుకుని ఒక్క దూకులో అక్కావాళ్ళింట్లో పడ్డాను. బావ వరండాలో కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో పెట్టాను. కళ్ళజోడు తెప్పించుకుని ఎంతసేపు చూశాడో! బొటనవేలితో ఆ ఎర్ర కాళ్ళను మెల్లగా తడిమాడు కూడా.

"ఇప్పుడు చెప్పు బావా. చూశావా, లేదా?"

"ఫొటో బాగా తీశార్రా," అన్నాడు.

నేను అక్క వైపు తిరిగాను. "అక్కా, ఇక దాచను. ఆ రోజు మేం గుంటూరు పోలేదు. ఒంగోలు సినిమాకి పోయాం. దార్లో ఇద్దరం చూశాం."

అక్క తెల్లగడ్డలు ఒలుస్తోంది. తలెత్తలేదు. "ఆ సంగతి నాకా రాత్రే తెలుసు. మిరప యార్డులో పొద్దంతా తిరిగొచ్చినవాళ్ళు ఒక్క తుమ్మయినా తుమ్మకుండా గడప దాటతార్రా? బట్టల్లో ఘాటు లేదు. చొక్కా ఉతకబోతే జేబులో గుప్పెడు ఇసుక ఉంది. చెబుతారేమోనని కల్లంలో అడిగి చూశాను. మీరు చెప్పలేదు, నేను మళ్ళీ అడగలేదు."

చూశారా? మిరప పండించే వాళ్ళమయ్యుండీ మాకు తట్టలేదు. ఇంటికి పోయే ముందు చెరో రెండు తుమ్ములు తుమ్మి ఉంటే సరిపోయేది. పోనీ, తెలిసిపోయింది గదా, ఇక బావ దాచాల్సిన అవసరం ఏముంది? అదే అడిగాను. బావ పేపరు మడిచి నా చేతికిచ్చాడు. "సినిమాకి పోయింది నిజమేరా. పక్షి సంగతే గుర్తు రావడంలా." మీసం కింద నవ్వు అణుచుకోవడం నాకు కనిపించింది.

ఆ మరుసటి వేసవిలో మా మేనకోడలి పెళ్ళి. మా వైపు పెళ్ళికూతుర్ని గంపలో కూర్చోబెట్టి పీటల మీదికి మోసుకొచ్చేది మేనమామలు. పెద్ద మేనమామను నేను. ఈ ఒక్క మర్యాద నాకు ఎవరూ ఎగ్గొట్టలేరు. గదిలో దాన్ని పీట మీద కూర్చోబెట్టి పాదాలకు పసుపు రాసి, పారాణి దిద్దారు. అది గంపలోకి ఎక్కడానికి ఒక కాలు ఎత్తింది. కడియాల కింద తడితడిగా, ఎర్రగా మెరిసింది పాదం. గుమ్మం పక్కన బావ, నేను ఆనుకుని నిలబడి ఉన్నాం. బావ కళ్ళల్లో నీళ్ళు. ఆ నీళ్ళతోనే, తనలో తను అనుకున్నట్టుగా, "అచ్చం దాని కాళ్ళలాగే ఉన్నాయిరా" అన్నాడు.

సన్నాయి మోగుతోంది. ఇంకెవరికీ వినపడలేదు. నాకు వినపడింది.

"దాని కాళ్ళంటే ఏ దాని కాళ్ళు బావా?"

బావ గబుక్కున నా వైపు చూశాడు. దొరికిపోయాడు. "ఏమన్లేదే. గంపెత్తు."

"ఎత్తను. చెప్పు. చూశావా, లేదా?"

బయటినుంచి పంతులుగారు, "ముహూర్తం మించిపోతోందండీ, అమ్మాయిని తీసుకురండి!" అని కేకేస్తున్నారు. గంపలో మా మేనకోడలు కొబ్బరిబోండాం పట్టుకుని, "మావయ్యా, ఇప్పుడా పక్షి గొడవ! ముందు ఎత్తు మావయ్యా!" అని నవ్వాపుకోలేక ఊగిపోతోంది. మా చిన్న తమ్ముడు గంప అటు అంచు పట్టుకుని నన్నే చూస్తున్నాడు. అక్క నుదురు కొట్టుకుంది.

బావ రెండు చేతులూ జోడించాడు. "ఎత్తరా నాయనా ముందు. తర్వాత చెబుతా."

ఎత్తాను. పందిట్లో అందరి మధ్యలోంచి ఆ గంప మోస్తుంటే, ఎర్రటి పాదం ఒకటి అంచు మీంచి బయటికి వేలాడుతూ నా ముంజేతికి తగులుతూ వచ్చింది. పారాణి నా కొత్త చొక్కాకి అంటుకుంది. ఆ చొక్కా నేను ఉతికించలేదు, బీరువాలో అలాగే ఉంది.

పెళ్ళి అయిపోయింది, పదహారు రోజుల పండగ అయిపోయింది, మళ్ళీ మిరప నారు పోసే రోజులు కూడా వచ్చాయి. బావా, గంప ఎత్తమన్నావు, ఎత్తాను. తర్వాత చెబుతానన్నావు. ఆ తర్వాత ఇంకా రాలేదా? ఈ ఏడు కోతకి కల్లంలో అందరూ ఉంటారు. తాలు ఏరే ఆ పెద్దావిడా ఉంటుంది, అక్కా ఉంటుంది, మేనకోడలూ అల్లుడూ వస్తారు. వాళ్ళందరి ముందూ లేచి నిలబడి ఒక్క మాటతో జవాబు చెప్పు. ఆ పక్షిని చూశావా, లేదా?